పీచ్‌ని మామిడిలా మాగబెడితే తీపి రాదు

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. అట్లాంటా దగ్గరికి కొత్తగా మారారు. జార్జియా పీచ్ గురించి అందరూ చెబుతుంటే సూపర్ మార్కెట్లో ఎర్రగా నిగనిగలాడేవి చూసి ఒక సంచి కొన్నారు, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టారు. వారం తర్వాత కోస్తే లోపల పిండి పిండిగా, చప్పగా ఉన్నాయి. రెండోసారి కొన్నవి బయటే ఉంచి మాగబెట్టారు, మెత్తబడ్డాయి గానీ తీపి ఎక్కలేదు. ఇప్పుడు ఇండియా నుంచి అత్తగారు, మామగారు వచ్చారు, వాళ్ళు గుడ్డు తినరు. మంచి పళ్ళు ఎలా తెచ్చుకోవాలి, వాటితో ఇంట్లో ఏం తీపి చేసుకోవచ్చు అని మీ ప్రశ్న. నేను ఈ రాష్ట్రంలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, ప్రతి వేసవిలో పెట్టెల లెక్కన పీచ్‌లు కొని తినేవాళ్ళం, వండేవాళ్ళం. అందుకే కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు తీపి సంగతి. పండు అనగానే మన బుర్రలో మామిడి లెక్కే ఉంటుంది. ముదిరిన కాయని కోసి గడ్డిలో వేస్తే నాలుగు రోజుల్లో తియ్యటి పండు. మామిడికి ఇది చెల్లుతుంది, ఎందుకంటే ముదిరిన మామిడికాయలో పిండిపదార్థం నిలవ ఉంటుంది, మాగేటప్పుడు అదే చక్కెర అవుతుంది. పీచ్‌లో ఆ నిలవ లేనట్టే. ఆకులు తయారుచేసి పంపే చక్కెరే దానికి తీపి. కొమ్మ నుంచి తెంపేశాక ఆ సరఫరా ఆగిపోతుంది, అప్పటికి ఎంత తీపి ఉందో అంతే మిగులుతుంది. ఆ తర్వాత కాయ మెత్తబడుతుంది, వాసన పుంజుకుంటుంది, పులుపు కొంచెం తగ్గుతుంది. పులుపు తగ్గడం వల్ల కాస్త తియ్యగా అనిపిస్తుంది తప్ప చక్కెర పెరగదు. తొందరపడి కోసిన కాయని పేపర్ బ్యాగులో పెట్టండి, బియ్యం డబ్బాలో పెట్టండి, చివరికి చేతికి వచ్చేది మెత్తటి చప్పటి పండే. మీ రెండో సంచికి జరిగింది ఇదే. కాబట్టి పని అంతా కొనేటప్పుడే ఉంది, ఇంటికి తెచ్చాక మనం చేయగలిగింది తక్కువ.

ఎరుపు రంగు చూసి కొనకండి. పీచ్ మీద ఎరుపు ఎండ తగిలిన వైపు వస్తుంది, రకాన్ని బట్టి వస్తుంది. ఈ రోజుల్లో మార్కెట్ కోసం పెంచే చాలా రకాలు పచ్చిగా ఉన్నప్పటి నుంచే ముఖం నిండా ఎర్రగా ఉంటాయి. చూడాల్సింది ఆ ఎరుపు వెనకాల ఉన్న రంగు. పండుని తిప్పి కాడ దగ్గరి గుంట చూడండి, ఎరుపు సరిగా పట్టని చోటు అదే. అక్కడ పచ్చదనం ఛాయ ఉంటే ముందుగా కోసేశారని అర్థం, అది వదిలేయండి. పసుపు రకంలో అక్కడ నెయ్యి పేరుకున్నప్పటి రంగు రావాలి, తెల్ల రకంలో మీగడ రంగు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకోండి. మంచి పీచ్ గట్టిగా ఉన్నప్పుడు కూడా కాడ దగ్గర కొద్దిగా వాసన వేస్తుంది. ఏ వాసనా లేకపోతే మాగాక వస్తుందిలే అని ఆశపడొద్దు. ఇంకోటి, బొటనవేలితో నొక్కి చూడకండి. మీరు నొక్కిన చోట మర్నాటికి గోధుమరంగు మచ్చ తేలుతుంది, అది మీరు కొన్నా, మీ తర్వాత వచ్చినవాళ్ళు కొన్నా. అరచేతిలో పెట్టుకుని కాడ చుట్టూ ఉన్న భుజాల దగ్గర వేళ్ళన్నీ కలిపి మెల్లగా పట్టుకుంటే చాలు, తెలిసిపోతుంది.

ఇక ఆ పిండిపిండితనం. దానికి కారణం చలి, అదీ ఒక రకమైన చలి. పీచ్ సుమారు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువ రోజులు ఉంటే గుజ్జు పాడవుతుంది. పండు సరిగ్గా మెత్తబడాలంటే లోపలి పెక్టిన్‌ని, అంటే గుజ్జుని గట్టిగా పట్టి ఉంచే పదార్థాన్ని, కొన్ని ఎంజైములు ఒక క్రమంలో విడగొట్టాలి. ఆ చలిలో వాటిలో కొన్ని పనిచేస్తాయి, కొన్ని పడుకుంటాయి. దాంతో సగం విరిగిన పెక్టిన్ జిగురులా మారి, రసాన్ని తనలోనే పట్టుకుని ఉండిపోతుంది. నోట్లో వేసుకుంటే తడి లేని దూదిలా తగిలేది అందుకే. సున్నా డిగ్రీలకి దగ్గరగా ఉంచితే ఈ బాధ తక్కువ, మామూలు గది వేడిలో అసలు ఉండదు. మన ఇంటి ఫ్రిజ్ మాత్రం సరిగ్గా 3, 4 డిగ్రీల దగ్గరే నడుస్తుంది. అయితే తప్పంతా మీ ఫ్రిజ్‌దే అనుకోకండి. దూరం నుంచి లారీల్లో వచ్చి, గోదాముల్లో ఆగి, స్టోర్ కూలర్లో కూర్చున్న పండు మీ చేతికి రాకముందే దెబ్బతిని ఉండొచ్చు. పైకి ఏమీ తెలియదు, కోస్తేనే బయటపడుతుంది. అందుకే నేను స్టోర్‌లో కొంటే ముందు రెండే కొంటాను. అవి మాగాక బాగుంటే ఆ వారమే వెళ్ళి ఇంకొన్ని తెస్తాను.

మీరు జార్జియాలో ఉన్నారు కాబట్టి అసలు స్టోర్‌తో పనేంటి? అట్లాంటా నుంచి ఐ-75 హైవే మీద దక్షిణంగా దాదాపు 100 మైళ్ళు వెళ్తే ఫోర్ట్ వ్యాలీ. అది ఉన్న జిల్లా పేరే పీచ్ కౌంటీ, 1924లో ఏర్పడింది. ఆ పక్కనే ఉన్న మార్షల్‌విల్‌లో శామ్యూల్ రంఫ్ అనే రైతు 1870లలో ఒక రకాన్ని తీసి, తన భార్య పేరు మీద ఎల్బెర్టా అని పెట్టాడు. దూర ప్రయాణానికి తట్టుకునే ఆ పండుని ఐసు పెట్టెల్లో న్యూయార్క్ దాకా పంపడం మొదలయ్యాకే జార్జియా పీచ్‌కి పేరు వచ్చింది. ఎల్బెర్టా ఇప్పుడు తోటల్లో పెద్దగా కనిపించదు గానీ, జూలై చివర ఎక్కడైనా దొరికితే వదలకండి. ఆ చుట్టుపక్కల తోటల దగ్గర షెడ్లలో అమ్ముతారు, కొన్ని చోట్ల మనమే కోసుకోవచ్చు. అంత దూరం వెళ్ళలేకపోతే శనివారాల్లో మీ ఊరి ఫార్మర్స్ మార్కెట్ చూడండి. అమ్మేవాళ్ళని ఎప్పుడు కోశారని అడగండి. "నిన్న", "మొన్న" అని సూటిగా సమాధానం వస్తే కొనండి, తడబడితే ముందుకు నడవండి.

ఇక్కడ సీజన్ మే మధ్యలో మొదలై ఆగస్టు మొదటి పక్షంతో అయిపోతుంది. మే నెలవి క్లింగ్‌స్టోన్, అంటే టెంకకి గుజ్జు గట్టిగా అంటుకుని ఉండే రకాలు. రసం బాగుంటుంది, ముక్కలు కోయడం మాత్రం చిరాకు. జూన్ మధ్య నుంచి ఫ్రీస్టోన్ వస్తాయి, వీటి టెంక చేత్తో లాగితే ఊడి వస్తుంది. వంటకి, ఫ్రీజ్ చేసుకోవడానికి ఇవే. నన్నడిగితే జూన్ ఆఖరి నుంచి జూలై ఆఖరి దాకా ఉన్న నెల రోజులే అసలైన కాలం. అత్తగారు వాళ్ళు ఆగస్టు దాకా ఉంటారంటే తొందరేమీ లేదు.

ధర చూసి ఉలిక్కిపడకండి, ఏడాదికీ ఏడాదికీ బాగా తేడా ఉంటుంది. పీచ్ చెట్టుకి చలికాలంలో కొన్ని వందల గంటల చలి పడాలి. పడకపోతే వసంతంలో సరిగ్గా పూయదు. పోనీ చలికాలం చివర్లోనే వేడెక్కి ముందే పూసిందా, మార్చిలో ఒక్క రాత్రి మంచు పడితే పూత మాడిపోతుంది. 2023లో ఈ రెండూ కలిసి వచ్చి జార్జియా పంట 90 శాతానికి పైగా పోయింది. ఆ వేసవి పీచ్ రాష్ట్రంలో ఉండి పీచ్ కోసం వెతుక్కున్నాం. అసలు పేరు జార్జియాదే అయినా పంటలో కాలిఫోర్నియాది మొదటి స్థానం, మామూలు ఏడాదిలో పక్కనున్న సౌత్ కరోలినా కూడా మనకంటే ఎక్కువే పండిస్తుంది. షార్లెట్‌లో ఉన్న బంధువుల ఇంటికి ఐ-85 మీద వెళ్ళేటప్పుడు ఆ సౌత్ కరోలినాలోనే గాఫ్నీ దగ్గర పీచ్ పండు ఆకారంలో ఒక పెద్ద నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. 1981లో కట్టిన ఆ ట్యాంకు మనల్ని వెక్కిరిస్తున్నట్టే ఉంటుంది. వేరే ఊళ్ళలో ఉండి ఇది చదివేవాళ్ళ కోసం: డాలస్ వాళ్ళకి వెదర్‌ఫర్డ్ వైపు, ఆస్టిన్ వాళ్ళకి ఫ్రెడరిక్స్‌బర్గ్, స్టోన్‌వాల్ వైపు, బే ఏరియా వాళ్ళకి బ్రెంట్‌వుడ్‌లో మంచి తోటలు ఉన్నాయి. న్యూజెర్సీలో జూలై, ఆగస్టు నెలల్లో వస్తాయి. హైదరాబాద్, విజయవాడ పళ్ళ కొట్లలో వేసవిలో కనిపించేవి ఎక్కువగా హిమాచల్, ఉత్తరాఖండ్, పంజాబ్ వైపు నుంచి వచ్చేవి. చిన్నగా, పుల్లగా ఉంటాయి. పచ్చిగా తినడం కంటే వంటకే బాగుంటాయి.

పసుపు కొనాలా తెలుపు కొనాలా అంటే, పసుపు పీచ్‌లో పులుపు, తీపి రెండూ ఉంటాయి కాబట్టి వండినా రుచి నిలుస్తుంది. తెల్ల పీచ్‌లో పులుపు తక్కువ, గట్టిగా ఉన్నప్పుడే తియ్యగా ఉంటుంది. మీ మామగారికి పులుపు పడకపోతే అవి తెచ్చి పచ్చివే పెట్టండి, వండితే మాత్రం చప్పగా తేలిపోతాయి. బూరెని అరచేత్తో నొక్కినట్టుండే డోనట్ పీచ్‌లు కూడా పచ్చిగా తినేవే, పిల్లలకి భలే ఇష్టం. నెక్టరిన్ వేరే పండు కాదు, నూగు లేని పీచ్ అంతే. కింద చెప్పే వంటలన్నిటికీ పనికొస్తుంది, తొక్క తీసే బాధ కూడా లేదు.

ఇంటికి తెచ్చాక పెట్టెలోనే వదిలేయొద్దు. బల్ల మీద పాత కాటన్ చీరో, తువ్వాలో పరిచి, కాడ వైపు కిందికి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. భుజాల వైపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి బరువు ఒక్కచోట పడదు, కింద దెబ్బ తగలదు. కడగొద్దు, తడి ఉంటే బూజు పడుతుంది. తినే ముందు కుళాయి కింద పెట్టి చేత్తో రుద్దితే నూగు చాలావరకు పోతుంది. రోజూ పొద్దున ఒకసారి చూసి, మెత్తబడినవి పక్కకి తీసి తినేయడమే. తొందరగా కావాలంటే పేపర్ బ్యాగులో ఒక అరటిపండుతో కలిపి పెట్టండి, అరటి వదిలే ఇథిలీన్ అనే వాయువుకి ఒకటి రెండు రోజుల్లో మెత్తబడతాయి. పూర్తిగా మాగి, ఇవాళ తినలేం అనుకున్నవే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, అదీ మూడు నాలుగు రోజులకి మించకుండా. మాగిన పండుకి ఆ కాస్త చలితో పెద్ద నష్టం ఉండదు. గట్టికాయని ఫ్రిజ్‌లో పెడితేనే మొదటి సంచి కథ మళ్ళీ జరుగుతుంది. తినే ముందు గంటసేపు బయట ఉంచండి, చల్లగా ఉంటే వాసన బయటికి రాదు.

మొదటి విడత మంచి పళ్ళు దొరికినప్పుడు దయచేసి ఏమీ వండకండి. పండు మీద ఒక గీత లాంటి గాడి ఉంటుంది, ఆ గాడి వెంబడే టెంక తగిలేదాకా చుట్టూ కోసి, రెండు చెక్కల్ని ఎదురెదురుగా తిప్పితే ఫ్రీస్టోన్ అయితే విడిపోతుంది. టెంక ఉన్న చోట గుజ్జు ముదురు ఎరుపులో, దారాలు దారాలుగా ఉంటుంది, రుచంతా అక్కడే. తొక్కతోనే తినొచ్చు. తొక్క వద్దంటే పండు అడుగున కత్తితో చిన్న ఇంటూ గుర్తు పెట్టి, మరిగే నీళ్ళలో అర నిమిషం నుంచి నిమిషం ఉంచి, వెంటనే ఐసు నీళ్ళలో వేయండి, తొక్క చేత్తోనే జారిపోతుంది. తొక్క మొండికేస్తే ఆ కాయ ఇంకా పండలేదన్నమాట. కొందరికి పచ్చి పీచ్ తింటే నోరు, పెదాలు దురద పెడతాయి. పూల పుప్పొడి ఎలర్జీ ఉన్నవాళ్ళలో ఇది మామూలే, అలాంటివాళ్ళలో చాలామందికి వండినది పడుతుంది. గొంతు వాచడం, ఆయాసం లాంటివి ఉంటే మాత్రం వండినదీ పెట్టొద్దు, డాక్టర్‌కి చూపించాల్సిందే. టెంక పగలగొట్టి లోపలి పప్పు బాదం లాగే ఉందని పిల్లలు నోట్లో వేసుకోకుండా చూడండి, అందులో సయనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది.

డెజర్ట్ విషయంలో నేను పాటించేది ఒకటే: ఏం చేయాలో ముందు అనుకుని పళ్ళు వెతకను, పళ్ళు ఎలా ఉన్నాయో చూసి ఏం చేయాలో అనుకుంటాను. సరిగ్గా పండినవి పచ్చిగా తినడానికే. కొంచెం దోరగా, కోస్తే ముక్క నిలబడేవి ఓవెన్‌కి. చేతిలో పట్టుకోలేనంత మెత్తబడి, అక్కడక్కడ మచ్చలు పడ్డవి ఐస్‌క్రీమ్‌కి. బాగా పండిన పళ్ళతో కాబ్లర్, అంటే పళ్ళు, పిండి, వెన్న ఒకే పాత్రలో ఓవెన్‌లో కాల్చే తీపి, చేస్తే గిన్నెలో గుజ్జు తప్ప ముక్క మిగలదు.

మీ ఇంటికి నేను చెప్పేది కాబ్లరే. ఈ దక్షిణాది రాష్ట్రాల్లో ఇళ్ళల్లో చేసుకునే పద్ధతిలో గుడ్డు అసలు ఉండదు, మనకోసమని ఏమీ మార్చక్కర్లేదు. ఐదారు దోర పీచ్‌లు, అంటే సుమారు రెండు పౌండ్లు, తొక్క తీసి వేలెడు మందం ముక్కలు కోయండి, నాలుగు కప్పులు రావాలి. అర కప్పు చక్కెర, ఒక చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు కలిపి గిన్నెలో పొయ్యి మీద పెట్టి, చక్కెర కరిగి రసం ఒక పొంగు వచ్చేదాకా ఉంచి దించండి. పళ్ళు బాగా తియ్యగా ఉంటే పావు కప్పు చక్కెర చాలు. ఈలోపు ఓవెన్ 375 ఫారన్‌హీట్‌కి, అంటే 190 సెల్సియస్‌కి పెట్టి, 9 బై 13 అంగుళాల గాజు పాత్రలో ఒక స్టిక్ వెన్న, 113 గ్రాములు, వేసి ఓవెన్‌లోనే కరగనివ్వండి. ఇంకో గిన్నెలో ఒక కప్పు మైదా, ముప్పావు కప్పు చక్కెర, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ ఉప్పు కలిపి, ఒక కప్పు పాలు పోసి ఉండలు లేకుండా కలపండి. దోసెపిండి కంటే కాస్త పలచగా ఉంటుంది. ఎక్కువసేపు గిలక్కొట్టొద్దు, సాగుతుంది. సెల్ఫ్ రైజింగ్ పిండి అయితే బేకింగ్ పౌడర్, ఉప్పు అందులో ముందే ఉంటాయి, మళ్ళీ వేయకండి.

ఇప్పుడు అసలు కిటుకు. వేడి వెన్న ఉన్న పాత్ర బయటికి తీసి, పిండి దాని మీద పోయండి, కలపొద్దు. పిండి అంచుల చుట్టూ వెన్న పైకి తేలి చిటపటమంటుంది, అలాగే వదిలేయండి. దాని మీద పీచ్ ముక్కలు, రసంతో సహా, గరిటెతో అక్కడక్కడ పెట్టుకుంటూ పోండి. మళ్ళీ కలపొద్దు. మన చేతులు ఊరుకోవు, కలిపేయాలనిపిస్తుంది, వెన్నా పిండీ కలిస్తే అది మామూలు కేక్ అయిపోతుంది. ఓవెన్‌లో పెట్టాక ఇరవై నిమిషాలకి పళ్ళు కిందికి దిగుతాయి, పిండి వాటి మధ్యలోంచి ఉబ్బి పైకి వస్తుంది. 40 నుంచి 45 నిమిషాలకి పైన బంగారు రంగు, అంచుల దగ్గర వెన్నలో వేగిన ముదురు గోధుమరంగు వస్తాయి. మా ఇంట్లో ఆ అంచుల కోసమే గొడవ. మధ్యలో చెంచా గుచ్చి చూడండి, పచ్చి పిండి కనిపిస్తే ఇంకో ఐదు నిమిషాలు. తీశాక కనీసం అరగంట ఆగాలి. వేడివేడిగా వడ్డిస్తే రసం నీళ్ళలా పారుతుంది, ఆగితే చిక్కబడుతుంది. పక్కన వెనీలా ఐస్‌క్రీమ్ ఒక గరిటె. స్టోర్‌లో కొనే ఐస్‌క్రీమ్‌లో చాలా బ్రాండ్లు గుడ్డు సొన వేస్తాయి, మీ అత్తగారి కోసం డబ్బా మీద పదార్థాలు చదివి తీసుకోండి.

మసాలా విషయంలో నాకు కొంచెం పట్టింపు ఉంది. ఇక్కడివాళ్ళు దాల్చినచెక్క ధారాళంగా వేస్తారు, మనవాళ్ళు యాలకులు వేస్తారు. కాబ్లర్‌లో రెండూ పీచ్ వాసనని మింగేస్తాయి. తాజా జాజికాయ రెండు రుద్దులు రుద్దండి, చాలు. బాదం ఎసెన్స్ ఇంట్లో ఉంటే రెండు చుక్కలు. బాదం, పీచ్ ఒకే కుటుంబం చెట్లు, ఆ వాసన పండుదే అన్నట్టు కలిసిపోతుంది. యాలకులు వాడాలని ఉంటే శ్రీఖండ్‌లో వాడండి: పెరుగు గుడ్డలో కట్టి రాత్రంతా నీళ్ళు ఓడ్చి, పంచదార పొడి, యాలకుల పొడి కలిపి గిలక్కొట్టి, పీచ్ ముక్కలు తినే ముందు వేయడం. ముందే వేస్తే ముక్కలు నీళ్ళు వదులుతాయి. పెద్దవాళ్ళకి ఇదే ఎక్కువ నచ్చవచ్చు కూడా, ఓవెన్ పని లేదు.

క్రిస్ప్ ఇంకా తేలిక. కింద పీచ్ ముక్కలు, కాస్త చక్కెర, ఒక చెంచా కార్న్‌స్టార్చ్. పైన ఓట్స్, మైదా, బ్రౌన్ షుగర్, చల్లటి వెన్న వేళ్ళతో రవ్వలా నలిపి చల్లడం, అదే వేడిలో 40 నిమిషాలు. ఇందులో మూడో వంతు బ్లూబెర్రీలు కలిపితే రంగు, పులుపు రెండూ వస్తాయి. జూన్‌లో జార్జియా బ్లూబెర్రీలు కూడా బాగుంటాయి.

ఐస్‌క్రీమ్‌కి మెత్తబడిన పళ్ళు అన్నాను కదా. మెషీన్ లేకుండా చేసే పద్ధతిలో రెండు కప్పుల హెవీ క్రీమ్ గట్టిగా గిలకొట్టి, 14 ఔన్సుల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి, పండు గుజ్జు కలిపి ఫ్రీజర్‌లో పెట్టడమే, గుడ్డు ఉండదు. చాలామందికి ఇది ఐసు గడ్డలా గరగరలాడుతూ వస్తుంది, ఎందుకంటే పీచ్ నిండా నీళ్ళు, ఆ నీళ్ళే గడ్డకడతాయి. అందుకని రెండు పౌండ్ల పళ్ళు తొక్క తీసి, మిక్సీ పట్టి, చిన్న మంట మీద సగం అయ్యేదాకా కలుపుతూ దగ్గర పెట్టండి, జామ్ అవ్వకముందే దించాలి. పూర్తిగా చల్లారాక, నిమ్మరసం ఒక చెంచా, ఉప్పు చిటికెడు వేసి క్రీమ్‌లో కలపండి. ఉప్పు మర్చిపోవద్దు, కండెన్స్‌డ్ మిల్క్ తీపి మొహం మొత్తకుండా చేసేది అదే. పిల్లలు ముక్కలు కావాలంటే పచ్చి ముక్కలు వేయకండి, పంటికి రాళ్ళలా తగులుతాయి. చక్కెరలో గంటసేపు ఊరబెట్టి, రసం వంపేసిన ముక్కలైతే మెత్తగా ఉంటాయి. ఆ వంపిన రసం పారబోయకండి, సోడాలో పోసుకుని తాగొచ్చు.

మన కస్టర్డ్ ఫ్రూట్ సలాడ్‌లో పీచ్ బాగా కుదురుతుంది, కాకపోతే కస్టర్డ్ పూర్తిగా చల్లారాకే వేయాలి. వేడి పాలలో వేస్తే పులుపుకి పాలు విరుగుతాయి. పీచ్ పాయసం చేస్తానని ఎవరైనా అంటే నేను వద్దనే చెబుతాను, విరక్కుండా చేసినా పండు రుచి పాలలో కొట్టుకుపోతుంది. చైనా గ్రాస్‌తో జెల్లీ చేయొచ్చు. చుట్టాలు వస్తున్నారు, కాస్త దర్జాగా ఉండాలంటే పీచ్ మెల్బా. లండన్ సవాయ్ హోటల్‌లో ఎస్కోఫియే అనే ఫ్రెంచ్ వంటవాడు 1890లలో నెల్లీ మెల్బా అనే గాయని కోసం చేసినది. చక్కెర పాకంలో కొద్దిసేపు ఉడికించిన పీచ్ చెక్క, వెనీలా ఐస్‌క్రీమ్, పైన వడగట్టిన రాస్‌బెర్రీ గుజ్జు, అంతే. పాకంలో తొక్కతో సహా ఉడికించి తర్వాత తొక్క తీస్తే, తొక్కలోని ఎరుపు పండుకీ పాకానికీ దిగి లేత గులాబీ రంగు వస్తుంది.

ఎంత జాగ్రత్తగా కొన్నా పెట్టెలో కొన్ని మొండికాయలు ఉంటాయి, గట్టిగా, పుల్లగా. వాటిని తీపి చేయాలని తంటాలు పడకండి. ముక్కలు కోసి కందిపప్పులో వేసి, పచ్చిమిర్చి, ఇంగువ పోపు పెడితే మామిడికాయ పప్పుకి దగ్గరగా వస్తుంది. పులుపు చాలకపోతే చివర్లో నిమ్మకాయ పిండండి. మీ అత్తగారికి పీచ్ మీద నమ్మకం కుదరాలంటే ముందు ఈ పప్పుతోనే మొదలుపెట్టినా తప్పులేదు.

తోట దగ్గర 25 పౌండ్ల పెట్టె తీసుకుంటే నలుగురున్న ఇంట్లో వారంలో అవ్వదు, అన్నీ ఒకేసారి పండుతాయి. సగం ఫ్రీజ్ చేసుకోండి. పండిన ఫ్రీస్టోన్ తొక్క తీసి, ముక్కలు కోసి, నాలుగు కప్పులకి రెండు చెంచాల నిమ్మరసం, పావు కప్పు చక్కెర కలపండి. నిమ్మరసం లేకపోతే ముక్కలు నల్లబడతాయి. ట్రేలో ఒక వరసగా పరిచి ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక సంచుల్లోకి మార్చి, గాలి నొక్కేసి, సంచి మీద తేదీ రాయండి. ఎనిమిది నెలల దాకా బాగుంటాయి. నిలవ జాడీల్లో పెట్టాలని ఉంటే పసుపు రకమే వాడండి. తెల్ల పీచ్‌లో ఆమ్లం తక్కువ కాబట్టి జాడీలో విషక్రిములు పెరిగే ప్రమాదం ఉంది, దానికి ఫ్రీజరే దారి. ఫ్రీజ్ చేసిన ముక్కలు పచ్చిగా తినడానికి పనికిరావు, కరిగితే జావ అవుతాయి. కాబ్లర్‌కి మాత్రం కరగబెట్టకుండా నేరుగా గిన్నెలో వేసి, రసం ఒక పొంగు వచ్చేదాకా పొయ్యి మీద ఉంచి, ఒక టీస్పూన్ కార్న్‌స్టార్చ్ నీళ్ళలో కలిపి పోయండి. తాజా పళ్ళకంటే ఇవి ఎక్కువ రసం వదులుతాయి, అందుకే ఆ పిండి. దీపావళికి చేసుకునేది మేం ఇలాగే చేస్తాం, ఓవెన్‌లో ఇంకో ఐదారు నిమిషాలు ఎక్కువ పడుతుంది.